అరచేతి కాయ పట్టుచీర పోగు లాగేసింది. జిమ్‌లో గ్లౌజులు వేసుకోవాలా, వద్దా?

చిన్నబజార్_చీరలు (నెల్లూరు) · మే 27, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. జిమ్‌లో చేరి మూడున్నర నెలలైంది. డెడ్‌లిఫ్ట్ (నేల మీదున్న బరువు కడ్డీని, అంటే బార్‌ని, పట్టుకుని లేచి నిలబడడం) 80 కిలోల దాకా వచ్చా. పుల్ అప్స్ నాలుగు తీస్తున్నా. ఒళ్ళు బాగానే ఉంది, సమస్యంతా చేతులతోనే.

మాది చిన్నబజార్‌లో చీరల కొట్టు. నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం నా పని. పోయిన శుక్రవారం ఒక పెద్దావిడ వెంకటగిరి పట్టు చూపించమంది. పైట కొంగు పరిచి, ఎప్పట్లాగే అరచేత్తో సాఫు చేశా. ఉంగరం వేలు మొదట్లో ఒక కాయ ఉంది, దాని అంచు రొంత లేచి ఉంది. అది జరీ పోగును పట్టుకుంది. నాకు తెలిసేసరికే అంగుళం పొడుగు పోగు బయటికొచ్చి ఉంగరంలా నిలబడింది. ఆవిడ చీర వంక చూసి, నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "ఏం నాయనా, నువ్వు కొట్లో ఉంటావా, పొలం కయ్యలో ఉంటావా?" అంది. నాన్న ఏమీ అనలేదు. చీర మడిచి పక్కన పెట్టించాడు. తిట్టుంటే బాగుండేది.

గ్లౌజులు కొందామంటే మా జిమ్ పిలకాయలు నవ్వుతున్నారు. "గ్లౌజులేసుకుంటే పట్టు రాదు, అవి ఫొటోలకే" అంటున్నారు. నిజమేనా? వేసుకునేట్టయితే ఎట్టాంటివి కొనాలి? జిమ్ మానెయ్యమని మాత్రం చెప్పొద్దు, ఆ మాట ఇంట్లో రోజూ వింటూనే ఉన్నా.

---

ఒంగోలు_గిత్త (ఒంగోలు) · మే 27, రాత్రి 11:05

వద్దు తమ్ముడూ.

ఎందుకో చెప్తా. బార్ ఎంత లావుంటే పట్టుకోవడం అంత కష్టం. పోటీల్లో వాడే పవర్‌లిఫ్టింగ్ బార్ 28 నుంచి 29 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, అంతకు మించకూడదని రూలే ఉంది. నువ్వు స్పాంజి గ్లౌజు వేసుకున్నావనుకో, బార్‌కి ఒక పక్క అరచేతి మెత్త, ఇంకో పక్క వేళ్ళ మీద మెత్త. రెండు పక్కలా కలిసేసరికి బొటనవేలు వచ్చి మిగతా వేళ్ళ మీద కూర్చోదు. అట్టా పట్టినప్పుడు నడుములో బలమున్నా బార్ వేళ్ళలోంచి జారుతుంది. పైగా ఆ మెత్త లోపల్లోపల కదులుతుంటుంది.

పవర్‌లిఫ్టింగ్‌లో ఐపీఎఫ్ (అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య) రూల్స్ ప్రకారం గ్లౌజులేసుకుని ప్లాట్‌ఫామ్ ఎక్కనివ్వరు. చాక్ (చేతులు జారకుండా పూసుకునే తెల్ల పొడి) పూసుకోవచ్చు. మణికట్టుకి పట్టీ చుట్టుకోవచ్చు. గ్లౌజు మాత్రం లేదు. నేను ఎనిమిదేళ్ళుగా వట్టి చేతులే. కాయలుంటాయి, ఉండనీ. మొగోడి చేతులకి కాయలుంటే తప్పేంది?

---

కందుకూరు_టీచరమ్మ (కందుకూరు) · మే 28, ఉదయం 6:10

గిత్తగారూ, ఆ అబ్బాయి పోటీకి పోతానని ఎక్కడైనా అన్నాడా? చీరలు చూపించాలి అంటున్నాడు. మీరేమో ప్లాట్‌ఫామ్ ఎక్కనివ్వరు అంటున్నారు.

నాకు నలభై నాలుగేళ్ళు. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరు చెబితే రెండేళ్ళ కిందట జిమ్‌లో చేరా. మొదటి రోజు నుంచి గ్లౌజులు వేసుకుంటున్నా. నాకెవరూ ఏమీ అనలేదు. అనేవాళ్ళుంటే అనుకోనీ, ఇంట్లో అంట్లు తోమేది, స్కూల్లో బోర్డు మీద రాసేది నా చేతులే కదా.

అయితే లావు సంగతి మీరు చెప్పింది నిజమే, అది ఒప్పుకోవాలి. పోటీల్లో ఆడవాళ్ళ ఒలింపిక్ బార్ 25 మిల్లీమీటర్లు, బరువు 15 కిలోలు. మగవాళ్ళది 28 మిల్లీమీటర్లు, 20 కిలోలు. మా జిమ్‌లో అందరికీ కలిపి ఒకటే ఇనప కమ్మీ, నా చేతికి అదే లావు. దాని మీద నేను మొదట కొన్న మెత్త గ్లౌజులు వేసుకుంటే రోకలి పట్టుకున్నట్టుండేది. ఆరో రెప్‌కే, అంటే ఆరోసారి ఎత్తేసరికే, వేళ్ళు వదిలేసేవి. తర్వాత అరచేతి వైపు పల్చటి తోలు, పైన జాలీ గుడ్డ ఉన్నవి కొన్నా. ఇప్పుడు బాగానే ఉంది. కాబట్టి గ్లౌజంటే అన్నీ ఒకటి కాదు బాబూ. మెత్తగా ఉంది కదా అని ఒత్తి చూసి కొనొద్దు. ఎంత పల్చగా ఉంటే అంత మంచిది.

---

మైపాడు_అల (నెల్లూరు) · మే 28, ఉదయం 7:22

గ్లౌజులు వాడి స్కూటీ డిక్కీలో పెట్టి మర్చిపోయినవాడిని నేను. నాలుగు రోజుల తర్వాత తీస్తే మా ఆవిడ "ఎండుచేపలు డిక్కీలో పెట్టావా?" అని అడిగింది. రోహిణి కార్తెలో ఆ పని మాత్రం చెయ్యొద్దు. ఇంకేం సలహా లేదు నా దగ్గర.

---

బస్తా_మోసినోళ్ళ_అబ్బాయి (కోవూరు) · మే 28, మధ్యాహ్నం 1:15

మా నాన్న ముప్పై ఏళ్ళు రైసుమిల్లులో హమాలీ. మన నెల్లూరు లెక్కలో పుట్టంటే 850 కిలోలు. కోతల టైములో ఆయన జట్టు పొద్దున్నుంచి రాత్రిదాకా పుట్లకు పుట్లు లారీ ఎక్కించేది. చిన్నప్పుడు సంచి తెచ్చివ్వడానికి పోయి చూసేవాణ్ణి. ఒక్కరికీ గ్లౌజుల్లేవు. కొక్కెం ఉండేది. కొక్కెం లేనప్పుడు గోతం మూలలు వేళ్ళతో మడిచి పట్టుకునేవాళ్ళు. అరచెయ్యి మొత్తం ఆనించి పట్టుకోగా నేను చూడలేదు.

ఆయన చేతులకి కాయలున్నాయి గానీ ఒక్కటీ లేచి ఉండదు. గోతం దారానికి పట్టుకోదు. చిన్నప్పుడు మా నెత్తి నిమిరితే గరుగ్గా ఉండేది, అంతే. రహస్యం ఏంటంటే రాత్రి స్నానం. వేడినీళ్ళలో చేతులు నానాక మడమలు రుద్దుకునే రాయితో రుద్దేవాడు. గట్టిగా కాదు, పలక తుడిచినట్టు. తర్వాత కొబ్బరినూనె. బ్లేడు ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన జట్టులో ఒకాయన బ్లేడుతో కోసుకుని, చీము పట్టి, పదిహేను రోజులు కూలి పోగొట్టుకున్నాడంట. "కాయ ఉండాల, కొమ్ము ఉండగూడదు" అనేవాడు నాన్న. నీది కొమ్మొచ్చిన కాయ తమ్ముడూ. చీరకి తగిలింది ఆ కొమ్మే.

---

ఐరన్_మామ (మాగుంట లేఅవుట్, నెల్లూరు) · మే 28, రాత్రి 9:30

నేను ట్రైనింగ్ ఇస్తా, పన్నెండేళ్ళయింది. అందరూ గ్లౌజు మీద పడ్డారు గానీ, ఆ కాయ ఎక్కడ లేచిందో ఎవరైనా గమనించారా? ఉంగరం వేలు మొదట్లో. అది అక్కడ లేచిందంటే బార్ పట్టుకునే తీరు తప్పు.

ఇప్పుడే కూర్చున్నచోట చేసి చూడు. చెయ్యి చాపి, చపాతీ కర్ర ఒకటి అరచేతి నడిమధ్యన పెట్టి గట్టిగా పిడికిలి బిగించు. కర్రకీ వేళ్ళ మొదళ్ళకీ మధ్యన చర్మం మడతపడి ఉబికింది చూశావా? ఇంకో చేత్తో ఆ కర్రని కిందికి, అంటే వేళ్ళ కొసల వైపుకి లాగు. ఆ మడత నలిగి నొప్పి పుడుతుంది. డెడ్‌లిఫ్ట్‌లో, పుల్ అప్‌లో జరిగేది ఇదే. బరువు కిందికే లాగుతుంది కాబట్టి నువ్వు అరచేతిలో పట్టుకున్నా చివరికి బార్ వేళ్ళ మొదలుకే జారుతుంది. జారేటప్పుడు మధ్యలో ఉన్న చర్మాన్ని మడిచి నలుపుకుంటూ పోతుంది. నలిగిన చోట కాయ, కాయ మీద ఇంకో కాయ, ఒకరోజు అంచు లేస్తుంది, ఇంకోరోజు మొత్తం ఊడొస్తుంది.

ఈసారి కర్రని అరచేతిలో కాకుండా, వేళ్ళు అరచేతితో కలిసేచోట గీత ఉంటుంది చూడు, అక్కడ పెట్టు. ముందు వేళ్ళు చుట్టి తర్వాత బొటనవేలు మూయి. లాగి చూడు, మడత దాదాపు ఉండదు. బార్ ఎట్టాగూ చేరాల్సిన చోటికి ముందే చేర్చినట్టు. మొదటి వారం పట్టు సగమే ఉన్నట్టు అనిపిస్తుంది. బరువు 80 నుంచి 60కి తగ్గించుకో. రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది.

ఇంకో మాట. ఇది లాగే వాటికి మాత్రమే. బెంచ్ ప్రెస్, షోల్డర్ ప్రెస్ లాంటి తోసే వాటిల్లో బార్ వేళ్ళ మొదట్లో ఉండకూడదు, అరచేతి కింది భాగంలో, మణికట్టు ఎముకకి సూటిగా ఉండాలి. లేకపోతే మణికట్టు వెనక్కి విరుగుతుంది. గ్లౌజులో మెత్త మందంగా ఉంటే బార్ ఎక్కడ ఆనిందో చేతికి తెలియదు. అందుకే బెంచ్‌కి మెత్త గ్లౌజులేసుకుంటే నేను విప్పించేస్తా. కొందరు బొటనవేలు చుట్టకుండా, ఐదు వేళ్ళూ ఒకే వైపు పెట్టి బెంచ్ చేస్తారు. వాళ్ళకి గ్లౌజున్నా లేకపోయినా నేను పక్కన నిలబడను, చెప్పేశా.

---

ఒంగోలు_గిత్త · మే 28, రాత్రి 9:52

మామ చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నేను కూడా గీత దగ్గరే పట్టుకుంటా, అది చెప్పడం మర్చిపోయా. దాంతోపాటు చాక్ వాడు తమ్ముడూ. చెమటకి జారితే నువ్వు తెలియకుండానే అరచేతిలోకి గట్టిగా బిగిస్తావు. మన వైపు ఉక్కపోతకి చేతులు తడి ఆరవు.

---

కొత్తగా_చేరా (కావలి) · మే 29, ఉదయం 8:05

చాక్ గురించి నా కథ చెప్పొచ్చా? నవ్వొద్దు.

చాక్ అంటే తెల్ల పొడి గదా, ఏదైతే ఏముందిలే అనుకుని ఇంట్లో మొహానికి పూసుకునే పౌడరు ఒక డబ్బా పట్టుకుపోయా. చేతులకి దట్టంగా పట్టించా. 60 కిలోల బార్ మోకాళ్ళ దాకా వచ్చింది. ఆ తర్వాత సబ్బు జారినట్టు జారిపోయింది. పాదం మీద పడలేదు, దేవుడు చూశాడు. కింద టైల్ మాత్రం మూలనుంచి మూలకి పగిలింది. జిమ్ ఓనరు వచ్చి నన్ను చూడలేదు, టైల్‌ని చూశాడు. పద్నాలుగు వందలు కట్టా. ఇంటికి పోయాక అమ్మ "పౌడరు డబ్బా ఖాళీ ఎట్టా అయింది?" అని ఇంకో విచారణ.

---

కందుకూరు_టీచరమ్మ · మే 29, ఉదయం 8:40

నవ్వొద్దంటే ఎలా ఆగుతాం నాయనా! స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించా.

నేను చెప్పేది సైన్సే కాబట్టి కాస్త క్లాసు పీకుతా, ఓర్చుకోండి. మొహం పౌడరులో ఉండే టాల్క్ జారుడు గుణం ఉన్న ఖనిజం. దాని పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లేది ఎందుకనుకున్నారు? జిమ్ చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్. అది చెమటని పీల్చుకుని చర్మాన్ని పొడిగా ఉంచుతుంది. జిమ్నాస్టిక్స్ వాళ్ళు పూసుకునేదీ అదే. ఇక మా బోర్డు మీద రాసే సుద్దముక్క ఈ రెండూ కాదు, ఇప్పుడొచ్చేవి ఎక్కువగా కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం. మా స్కూల్ నుంచి సుద్దముక్కలు ఎత్తుకుపోయి జిమ్‌లో పొడి చేసేవాళ్ళున్నారు, వాళ్ళకి కూడా ఇదే సమాధానం.

---

ఒంగోలు_గిత్త · మే 29, ఉదయం 9:10

కావలి తమ్ముడూ, పౌడరు పనికిరాదని కాదు. పోటీల్లో డెడ్‌లిఫ్ట్ చేసేవాళ్ళు తొడలకి పౌడరే పూసుకుంటారు, బార్ తొడల మీద రాసుకోకుండా పైకి జారడానికి. నువ్వు పూసుకోవాల్సిన చోటే మారిపోయింది అంతే.

జిమ్‌లో చాక్ పొడి రాలిపోతుందని ఓనర్లు ఒప్పుకోకపోతే ద్రవ చాక్ దొరుకుతుంది. స్పిరిట్‌లో కలిపి ఉంటుంది, చేతులకి రుద్దుకుంటే ఆరిపోయి తెల్లటి పొర మిగులుతుంది. అరచేతిలో పుండు ఉంటే మాత్రం పూసుకోవద్దు, చుక్కలు కనపడతాయి.

---

చీమకుర్తి_నల్లరాయి (చీమకుర్తి) · మే 29, రాత్రి 8:18

గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. గ్లౌజుల గురించి మా దగ్గర ఒక లెక్క ఉంది, చెప్తా. పలకలు దించేటప్పుడు, మోసేటప్పుడు గ్లౌజు తప్పనిసరి. కోసిన రాయి అంచు బ్లేడుకన్నా పదును, చర్మం తెగింది కూడా తెలియదు, రాయి మీద ఎర్రగా కనపడ్డాక తెలుస్తుంది. అదే మనిషి డ్రిల్లు దగ్గరికో, గిర్రున తిరిగే యంత్రం దగ్గరికో వచ్చాడంటే ముందు గ్లౌజు తీసేయమంటాం. గుడ్డ చివర చిక్కుకుంటే చేతిని లోపలికి లాగేస్తుంది. ఒకే మనిషి, ఒకే రోజు, ఒక పనికి వేసుకోవాలి, ఇంకో పనికి తీసెయ్యాలి.

జిమ్‌లో కూడా ఇట్టాగే చూడొచ్చు గదా? కాలు వంచే మిషన్‌కి గ్లౌజు ఎందుకు? డెడ్‌లిఫ్ట్‌కి అడ్డం. గరుకు ఎక్కువున్న డంబెల్స్‌తో ఇరవై ముప్పై రెప్స్ తీస్తే చేతులు మండుతాయి, అప్పుడు వేసుకుంటే నష్టం ఏంటి? రోజంతా తొడుక్కుని తిరిగేవాళ్ళని, జన్మలో ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నవాళ్ళని చూస్తే నాకు అర్థం కాదు.

---

ఒంగోలు_గిత్త · మే 29, రాత్రి 8:45

నల్లరాయి అన్నా, రాయి వేరు, బార్ వేరు. మన కరణం మల్లీశ్వరి గ్లౌజులేసుకునే ఒలింపిక్ మెడల్ తెచ్చిందా? చేతులు మెత్తగా ఉండాలంటే క్యారమ్స్ ఆడుకోమనండి, పౌడరు కూడా పనికొస్తుంది.

---

కందుకూరు_టీచరమ్మ · మే 29, రాత్రి 9:20

2000లో సిడ్నీలో ఆవిడ స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. 69 కిలోల విభాగం, కాంస్యం. అప్పుడు ఈ వార్త పేపర్లో చదివి ఏడ్చినదాన్ని నేను. ఆవిడ పేరు తెచ్చి ఈ అబ్బాయి నెత్తిన కొట్టకండి. ఆవిడకి అదే జీవితం. ఈ అబ్బాయికి జీవితం చీరల కొట్టు, జిమ్ పొద్దున గంటసేపు.

మీ చేతుల కాయలు మీకు ముద్దు. మంచిదే. మీరు ఏం పని చేస్తారో అడగొచ్చా?

---

ఒంగోలు_గిత్త · మే 29, రాత్రి 9:31

ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు మేడమ్.

---

కందుకూరు_టీచరమ్మ · మే 29, రాత్రి 9:33

అదీ సంగతి. బేరింగులకి పోగులుండవు కదా.

---

ఒంగోలు_గిత్త · మే 29, రాత్రి 9:50

సరే, ఒప్పుకుంటున్నా మేడమ్. తమ్ముడూ, నీకు గ్లౌజు కన్నా పనికొచ్చేది ఇంకోటి ఉంది, స్ట్రాప్స్. గట్టి నూలు పట్టీ, మణికట్టుకి తొడుక్కుని కొసని బార్‌కి చుట్టేస్తావు. బరువు వేళ్ళ మీద కాకుండా మణికట్టు మీద పడుతుంది. పోటీలో ఒప్పుకోరు, నీకు పోటీ లేదుగా. తేలిక సెట్లు వట్టి చేతుల్తో చెయ్యి, పట్టు పెరుగుతుంది. ఆఖరి రెండు బరువు సెట్లకి స్ట్రాప్స్ కట్టు. ఒక చెయ్యి లోపలికి, ఒక చెయ్యి బయటికి తిప్పి పట్టుకుంటారు కొందరు, దానికన్నా ఇది నయం. అట్టా పట్టినప్పుడు అరచెయ్యి ముందుకి తిరిగున్న వైపు జబ్బ కండ చిరిగిన సంగతులున్నాయి.

---

దర్గామిట్ట_నర్సు (నెల్లూరు) · మే 30, తెల్లవారుజాము 5:15

నైట్ డ్యూటీలో చదివా. మూడు సంగతులు చెప్పి పడుకుంటా.

కాయ ఊడితే చాలామంది ఆ వేలాడే తోలుని పళ్ళతో పట్టి పీకేస్తారు. పీకితే మంచి చర్మం కూడా లేస్తుంది. సబ్బునీళ్ళతో కడిగి, వేలాడుతున్న చచ్చిన తోలు వరకే శుభ్రమైన చిన్న కత్తెరతో కత్తిరించి, పైన కట్టు వేయండి. కింద లేత చర్మం గట్టిపడేదాకా ఆ చేత్తో బార్ పట్టుకోవద్దు. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని చాలా ఏళ్ళయితే వేయించుకోండి. ఎర్రగా వాచి, సలుపుతూ, చీము పడితే ఇక్కడ అడగడం కాదు, డాక్టరు దగ్గరికి పొండి.

షుగరు ఉన్నవాళ్ళు కాయల్ని కొయ్యొద్దు, మెడికల్ షాపులో ఆనెలకి ఇచ్చే యాసిడ్ పట్టీలు కూడా సొంతంగా అంటించుకోవద్దు. టీచర్ గారూ, ఇది మీకు కూడా.

ఇక చెమట. కొందరికి ఏసీలో కూర్చున్నా అరచేతులు కారుతుంటాయి, పరీక్ష పేపరు తడిసిపోతుంది. అది జబ్బు పేరు ఉన్న సమస్యే. అల్యూమినియం క్లోరైడ్ ఉన్న లోషన్ రాత్రి పొడి చేతులకి రాసుకుని పొద్దున కడుక్కోమంటారు, దానికి లొంగకపోతే నీళ్ళలో చేతులుంచి స్వల్పంగా కరెంటు పంపే చికిత్స కూడా ఉంది. చర్మం డాక్టరుని కలవాలి. గ్లౌజు లోపల ఆ చెమట మగ్గితే దురద, ఫంగస్. వారానికోసారైనా ఉతికి నీడలో ఆరబెట్టండి. ఒకరి గ్లౌజు ఇంకొకరు వేసుకోవద్దు, పులిపిరులు అట్టా కూడా అంటుకుంటాయి.

---

మైపాడు_అల · మే 30, ఉదయం 7:00

ఉతకాలా? నాకెవరూ చెప్పలేదే.

---

చిన్నబజార్_చీరలు · మే 30, రాత్రి 11:10

ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. మామ చెప్పినట్టు చపాతీ కర్ర పెట్టి చూశా. మడత సరిగ్గా కాయ ఉన్నచోటే పడింది. అమ్మ వచ్చి "అర్ధరాత్రి కర్రతో ఏం చేస్తున్నావురా" అంటే చెప్పలేకపోయా. అన్నీ ప్రయత్నించి మళ్ళీ వచ్చి చెప్తా.

---

చిన్నబజార్_చీరలు · జులై 9, రాత్రి 10:20

చెప్తానన్నాను కదా, ఆలస్యమైంది. ఆరు వారాలు. ఏది చేస్తే ఏమైందో ఉన్నదున్నట్టు రాస్తా.

మొదట టీచర్ మేడమ్ మాట వినకుండా, షాపులో మెత్తగా ఉన్నాయని స్పాంజి గ్లౌజులే కొన్నా, 450 రూపాయలు. డెడ్‌లిఫ్ట్ 80 కిలోలు ఐదు తీసేవాణ్ణి, మూడో దానికే వేళ్ళు తెరుచుకున్నాయి. పుల్ అప్స్ నాలుగు కాస్తా రెండున్నర. ఆ అర సంగతి అడగొద్దు. పైగా గ్లౌజు లోపల గుడ్డ మడతపడి కొత్తచోట, బొటనవేలు పక్కన, బొబ్బ లేచింది. గిత్త అన్న చెప్పింది నిజమని ఒప్పుకుని ఆ జత తమ్ముడికి ఇచ్చేశా. వాడు వాటితో బైకు చైను తుడుస్తున్నాడు.

తర్వాత బరువు 60కి దించి, మామ చెప్పినట్టు గీత దగ్గర పట్టుకోవడం మొదలుపెట్టా. మొదటి పది రోజులు చిరాకు. బార్ వేళ్ళ కొసల్లో వేలాడుతున్నట్టే ఉండేది. మూడో వారంలో ఎప్పుడు అలవాటైందో తెలియలేదు. ఇప్పుడు వట్టి చేతుల్తో 75, స్ట్రాప్స్ కడితే 90. పాత కాయలు ఉన్నాయి గానీ చదునయ్యాయి. కోవూరు అన్న చెప్పిన రాయి మూడు రోజులకోసారి, స్నానం చివర్లో. నూనె మాత్రం రాత్రి పడుకునేముందు. పొద్దున రాసుకుంటే చీరకి మరక పడుతుందని ఒక జాకెట్టు గుడ్డ పాడయ్యాక తెలిసింది.

పల్చటి తోలు గ్లౌజులు కూడా తీసుకున్నా. పుల్ అప్స్‌కీ, డంబెల్ రోయింగ్‌కీ వేసుకుంటా, అదీ వారం చివర్లో మాత్రం. శని ఆదివారాల్లో కొట్లో రద్దీ కాబట్టి శుక్రవారం చేతుల మీద రిస్కు తీసుకోను. మా జిమ్ పిలకాయలు రెండు రోజులు నవ్వారు. మూడోరోజు ఒకడు పక్కకి పిలిచి ఎక్కడ కొన్నావని అడిగాడు.

అసలు సంగతి ఇంకోటి. అమ్మ తన పాత పట్టు జాకెట్టు ముక్క ఒకటి ఇచ్చింది. రోజూ కొట్టు తీయకముందు దాని మీద రెండు అరచేతులూ మెల్లగా లాగి చూసుకుంటా. పోగు తగిలితే, ఎక్కడ తగిలిందో చూసి అక్కడ రాయి పెడతా. మొదటి వారం రోజుకి మూడు నాలుగు చోట్ల తగిలేది. ఇప్పుడు పదిహేను రోజులుగా ఒక్కసారీ తగల్లేదు. నాన్న ఇదంతా చూస్తూ ఏమీ అనేవాడు కాదు. సోమవారం షట్టర్ ఎత్తాక "ఏదీ, చెయ్యి ఇట్టా ఇయ్యి" అని, తన బొటనవేలితో నా అరచెయ్యంతా తడిమి చూశాడు. జరీ నాణ్యం చూసేటప్పుడు అట్టాగే చూస్తాడు. చూసి, పక్కన పెట్టించిన ఆ వెంకటగిరి చీర తీసి నా ముందు పడేశాడు. "ఆ పోగు లోపలికి తొయ్యడం నేర్చుకో, సూది గల్లాపెట్టెలో ఉంది" అన్నాడు.

తోశా. గంటన్నర పట్టింది. ఎదురుగా పెట్టి చూస్తే తెలియదు, వెనక్కి తిప్పితే తెలుస్తుంది.

---

ఐరన్_మామ · జులై 9, రాత్రి 10:48

90 అయ్యాక నడుము వంగుతోందేమో పక్కనుంచి వీడియో తీసి పెట్టు. చేతులు బాగుపడ్డాయని సంబరపడి నడుము విరగ్గొట్టుకున్నవాళ్ళున్నారు.

---

బస్తా_మోసినోళ్ళ_అబ్బాయి · జులై 10, ఉదయం 6:35

నాన్నకి చదివి వినిపించా. రాయి మూడు రోజులకోసారి చాలదంట, రెండు రోజులకోసారి అన్నాడు.

---

ఒంగోలు_గిత్త · జులై 10, ఉదయం 9:15

తమ్ముడూ, శ్రావణమాసం వస్తోంది. మా ఇంట్లో వెంకటగిరి కావాలని పోయిన ఏడాది నుంచి గొడవ. నెల్లూరు వస్తే ఆ పోగు తోసిన చీర నాకు ఎంతకిస్తావు? మన మనిషి రేటు చెప్పు.

---

చిన్నబజార్_చీరలు · జులై 10, ఉదయం 9:40

వదినని తీసుకుని రా అన్నా, రేటు నాన్నతో మాట్లాడి తగ్గిస్తా. కాకపోతే చీర నువ్వు ముట్టుకోవద్దు. నేనే విప్పి చూపిస్తా.